శాస్త్రవేత్త చిన్ననాటి కథ పిల్లలకు ఎలా చెప్పాలి

పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు. కథ ఇక్కడ మొదలుపెట్టారంటే వెనక వరుసలో పిల్లలు కాళ్లు ఊపడం మొదలుపెడతారు. లైబ్రరీలో పిల్లలకు కథలు చెప్పేది నేనే కాబట్టి ఆ కాళ్ల సంగతి నాకు బాగా తెలుసు.

ఎవరి కథ చెప్పబోయినా ముందు ఒక కాగితం మీద రెండు ప్రశ్నలు రాసుకోండి. మీ ఎదురుగా కూర్చునే పిల్లల వయసులో ఆ మనిషి చేతికి ఏం అందింది? ఎవరు అందించారు? ‘చిన్నప్పటి నుంచే మేధావి’, ‘పట్టుదలకు మారుపేరు’ లాంటివి ఈ రెంటికీ జవాబులు కావు. మీ కాగితం మీద కనిపిస్తే కొట్టేయండి.

కొత్తగా కథ చెప్పబోయేవాళ్లకు నేను విద్యుత్తు మీద పరిశోధనలు చేసిన మైకేల్ ఫారడేని ఇస్తాను. 1791లో లండన్ శివార్లలో పుట్టాడు. తండ్రి కమ్మరి. బడి చదువు అంతంతమాత్రం. పద్నాలుగేళ్లకు జార్జ్ రీబో అనే ఆయన దగ్గర పుస్తకాలు బైండింగ్ చేసే పని నేర్చుకోవడానికి చేరాడు, ఏడేళ్ల ఒప్పందం. ఇక్కడ తొందరపడొద్దు. బైండింగ్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. అట్ట ఊడిన పాత పుస్తకం ఒకటి తీసుకెళ్లి, ఫారాలు, అంటే మడిచిన కాగితాల కట్టలు, దారంతో ఎలా కుట్టారో, వెన్నుకి జిగురు ఎలా పట్టించారో వేలితో తడిమి చూడమనండి. అలా కుట్టడానికి వచ్చిన పుస్తకాల్లో ఒకటి ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా సంపుటం. అందులో విద్యుత్తు మీద వ్యాసం కుర్రాడి కంటపడింది. జేన్ మార్సెట్ రాసిన కెమిస్ట్రీ పుస్తకం కూడా అక్కడే చదివాడు. పని మానేసి చదువుతున్నావేమిటని రీబో కసురుకోలేదు. పైగా అక్కడే చిన్న చిన్న ప్రయోగాలు చేసుకోనిచ్చాడు.

బయట సైన్సు ఉపన్యాసాలకు వెళ్లాలంటే ఒక్కోదానికి ఒక షిల్లింగు, అప్పటి ఇంగ్లండు నాణెం. అన్న రాబర్ట్ ఇచ్చాడు. అన్నదీ కమ్మరి పనే. 1812లో విలియమ్ డాన్స్ అనే రీబో దుకాణం ఖాతాదారు లండన్‌లోని సైన్సు సంస్థ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టిక్కెట్లిచ్చాడు. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విని, బొమ్మలతో సహా శుభ్రంగా రాసుకుని, తన చేత్తోనే బైండు చేసి డేవీకి పంపాడు. పిల్లలు కళ్లు పెద్దవి చేసేది సరిగ్గా ఇక్కడే, ఎందుకంటే ఆ కుట్టుపని వాళ్లు ఇందాకే తడిమి చూశారు. డేవీ పిలిచి మాట్లాడాడు గానీ, బైండింగే చేసుకోమని సలహా ఇచ్చాడు. అది దాచకుండా చెప్పండి. రాయల్ సొసైటీ అధ్యక్షుడికి అంతకుముందు రాసిన ఉత్తరానికి జవాబే రాలేదని కూడా చెప్పండి. తర్వాత అక్కడి సహాయకుడొకడు గొడవపడి ఉద్యోగం పోగొట్టుకుంటే, డేవీకి ఈ కుర్రాడు గుర్తొచ్చాడు.

రీబో, రాబర్ట్, డాన్స్, డేవీ. నాలుగు పేర్లూ బోర్డు మీద రాయండి. ఆ పేర్లు కళ్లెదురుగా ఉంటే ‘ఒంటరిగా పైకొచ్చాడు’ అన్న మాట మీ నోటికి రాదు.

పేదరికాన్ని మాత్రం కథానాయకుణ్ణి చేయకండి. పేద పిల్లలకే కథలుంటాయని పిల్లలు నమ్మేస్తారు. అందుకే ఫారడే తర్వాత బిల్ గేట్స్ కథ చెబుతాను. చదువు మధ్యలో మానేశాడన్నదే అందరూ చెబుతారు. దాని కంటే 1968 సంగతి చెప్పండి. సియాటెల్‌లో ఆయన చదివిన లేక్‌సైడ్ స్కూల్లో తల్లుల సంఘంవాళ్లు పాత సామాన్లు అమ్మి, ఆ డబ్బుతో ఒక టెలిటైప్ యంత్రం పెట్టించారు. దూరాన ఉన్న కంప్యూటర్‌కి అది టెలిఫోన్ తీగ మీద కలిసేది. అప్పట్లో బడిపిల్లలకు కంప్యూటర్ తాకే అవకాశం ఎక్కడుంది? గేట్స్‌కి అప్పుడు పదమూడేళ్లు. ఆయన హార్వర్డ్ మానేసింది 1975లో. ఈ రెండు సంవత్సరాల మధ్య దూరం పిల్లల చేతనే లెక్క కట్టించండి.

ఫోన్లలో తిరిగే కథలతో జాగ్రత్త. ఎడిసన్ బుర్ర తక్కువవాడని బడి నుంచి ఉత్తరం వస్తే, తల్లి దాన్ని మార్చి ‘మీవాడు మేధావి’ అని చదివిందన్నది కట్టుకథ. పంతులు తనను మందబుద్ధి అన్నాడని ఎడిసనే పెద్దయ్యాక చెప్పుకున్నాడు. విన్నవాడు తానే అయినప్పుడు ఇక తల్లి దాచేదేముంది! ఆ కన్నీళ్ల కథ బదులు రైలు కథ చెప్పండి. రైల్లో పత్రికలు అమ్మే కుర్రాడు ఎడిసన్, 1862లో అమెరికా అంతర్యుద్ధంలోని షైలో యుద్ధ వార్త రాగానే, దారిలోని స్టేషన్లకు ముందే టెలిగ్రాఫ్ కొట్టించి, బోర్డుల మీద వార్త రాయించాడు. రైలు వెళ్లేసరికి ప్లాట్‌ఫారాల నిండా జనం. వాడు ధర పెంచేశాడు. అలా పెంచడం తప్పా ఒప్పా అని పిల్లలు వాదించుకుంటే కాసేపు వాదించుకోనివ్వండి.

ఐన్‌స్టీన్ లెక్కల్లో తప్పాడన్నదీ అంతే. పదహారేళ్లకు, మామూలు వయసు కంటే రెండేళ్లు ముందే, జ్యూరిక్ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాశాడు. లెక్కలు, ఫిజిక్స్ బాగా చేసి మిగతావాటిలో దెబ్బతిన్నాడు. న్యూటన్ ఆపిల్ గురించి ఒక్క వాక్యం చాలు: పడటం చూశానని ఆయనే చెప్పాడు, నెత్తిన పడిందని చెప్పలేదు.

సంవత్సరాలు తగ్గించి వయసులు చెప్పండి. మేరీ క్యూరీ పారిస్ చేరింది 1891లో అంటే పిల్లలకు ఏమీ అనిపించదు. ఇరవై నాలుగేళ్లు వచ్చేదాకా ఆగిందంటే వెంటనే ‘ఎందుకూ?’ అంటారు. ఆమె పుట్టిన పోలండ్‌లోని వార్సా విశ్వవిద్యాలయంలో అప్పట్లో ఆడపిల్లలను చేర్చుకునేవారు కాదు. అందుకని ముందు తాను ఇళ్లలో పిల్లలకు చదువు చెప్పి అక్క బ్రోన్యాను పారిస్‌లో డాక్టరు చదివించింది. తర్వాత తనకు అక్క సాయం. అక్కచెల్లెళ్ల ఒప్పందం అది.

ఎక్కడ ఆపాలో ముందే అనుకోండి. ఫారడే కథ నేను 1813 మార్చి 1న ఆపేస్తాను: ఉద్యోగం దొరికింది, వారానికి 25 షిల్లింగులు, మేడ మీద రెండు గదులు, బొగ్గు, కొవ్వొత్తులు. తర్వాత ఏం కనిపెట్టాడని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పటికి ఒక తీగచుట్ట, అయస్కాంతం, గాల్వనోమీటరు (కొద్దిపాటి కరెంటును ముల్లుతో చూపించే పరికరం) సంచిలో ఉంచుకోండి. అయస్కాంతాన్ని చుట్టలోకి తోసి లాగుతుంటే తీగలో కరెంటు పుట్టి ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆయన కనిపెట్టింది అదే. తీగ పదీ ఇరవై చుట్లు చుట్టి తీసుకెళ్లొద్దు, కొన్ని వందలు చుట్టండి. ఇంట్లో ఒకసారి చేసి చూసుకుని మరీ బయల్దేరండి.