ఈల బాగుంది, బండే వణికింది

నా టర్బో పెట్రోల్ కారుకి ఒరిజినల్ ఎయిర్‌బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ ఉండే డబ్బా) తీసేసి కోన్ ఫిల్టర్ కిట్ నేనే బిగించాను. టర్బో ఈల వినిపిస్తుంటే మురిసిపోయాను. మర్నాడు సిగ్నల్ దగ్గర బండి వణుకుడు, చెక్ ఇంజిన్ లైటు. స్కానర్ పెడితే పీ0171 కోడ్: పెట్రోల్‌కి మించి గాలి. ఇంజిన్‌లోకెళ్లే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ తిరగేసి పెట్టానేమో అని టెన్షన్. విప్పి చూశా, బాణం గుర్తు టర్బో వైపే ఉంది.

చివరికి టార్చ్ వేస్తే దొరికింది. టర్బో మూతి మీదున్న గట్టును రబ్బరు గొట్టం దాటనే లేదు. క్లాంపు ఉత్తి రబ్బరునే నొక్కుతోంది. సెన్సర్ లెక్కలోకి రాని గాలి అక్కణ్ణుంచే దూరుతోంది. గొట్టం కొసను వేడినీళ్లలో ముంచి, తడి తుడిచి, గట్టు దాటేదాకా తోసి, దాని వెనక క్లాంపు బిగించాను. కోడ్ చెరిపాక మళ్లీ రాలేదు. పికప్ అంటారా, నిజం చెప్పాలంటే పెరిగింది చప్పుడే.