ఆల్ వీల్ డ్రైవ్ కారుకి ఒక్క టైరే మార్చకండి

వానలు పడకముందే టైర్లు చూపించుకునే టైమ్ కదా, అందుకే ఇప్పుడే రాస్తున్నా. ఈమధ్య తెలిసినాయన ఆల్ వీల్ డ్రైవ్, అంటే ఇంజిన్ బలం నాలుగు చక్రాలకీ వెళ్ళే ఎస్‌యూవీకి ఒక టైరు పక్కవైపు కోసుకుపోతే అదే సైజులో కొత్తది ఒక్కటి వేయించుకుని తిరిగేశారు, మిగతా మూడూ సగం అరిగినవి. కొన్నాళ్ళకి మలుపుల్లో బండి ఎవరో పట్టుకున్నట్టు కుదుపులు, ఆ తర్వాత కాలిన వాసన, విప్పి చూస్తే ముందు ఇరుసునీ వెనక ఇరుసునీ కలిపే సెంటర్ కప్లింగ్‌లో క్లచ్ ప్లేట్లు నల్లగా మాడిపోయి ఉన్నాయి. సైజు ఒకటే కదా అంటారు. టైరు పక్కన రాసుండే సైజు ఒకటే, చుట్టుకొలత ఒకటి కాదు.

కొత్త టైరు గాడి లోతు దాదాపు 8 మిల్లీమీటర్లు, అరిగిన దానికి 4 మిగిలింది అనుకోండి. 225/60 ఆర్17 సైజులో అరిగిన టైరు కిలోమీటరుకి ఓ అయిదు చుట్లు ఎక్కువ తిరగాలి. ఒకే ఇరుసు మీద ఎడమ కుడి తేడాని డిఫరెన్షియల్ (రెండు చక్రాలనీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె) సర్దేస్తుంది, కానీ అందులో సగం తేడా ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య మిగిలిపోతుంది. మామూలుగా మలుపుల్లోనో చక్రం జారినప్పుడో కాసేపు పనిచేయాల్సిన కప్లింగ్ ఇప్పుడు తిన్నటి రోడ్డు మీద కూడా ఆగకుండా రాపిడి పడుతూ వేడెక్కుతుంది. కొన్ని బండ్లలో కంప్యూటర్ ఆ తేడా చూసి చక్రం జారుతోందనుకుని క్లచ్‌ని ఇంకా బిగిస్తుంది, ప్లేట్లకి అది ఇంకా చేటు.

అందుకే మళ్ళీ చెప్తున్నా, ఒక్క టైరే మార్చకండి. చాలా కంపెనీలు నాలుగు టైర్ల మధ్య గాడి లోతులో 1.6 నుంచి 2.4 మిల్లీమీటర్ల తేడా వరకే ఒప్పుకుంటాయి, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో చూడండి. మిగతావి ఇంకా బాగుంటే కొత్త టైరుని వాటి లెవెల్‌కి గీయించి వేసుకోవచ్చు, షేవింగ్ అంటారు, అన్నిచోట్లా చేయరు.

డెప్త్ గేజ్‌తో నాలుగింటినీ కొలవండి, లోపలి అంచు, మధ్య, బయటి అంచు, మూడు చోట్లా. కంటితో చూసి బాగానే ఉన్నాయనకండి. బ్రాండ్ కలపొద్దు, ఒకే సైజు రాసున్నా కంపెనీకీ కంపెనీకీ కొలత మారుతుంది. గాలి నాలుగింట్లోనూ చెప్పినంతే ఉండాలి. చిన్న స్పేర్ టైరుతో టైరు షాపు దాకా మాత్రమే, అంతకుమించి వద్దు. బండి ఆగిపోతే రెండు చక్రాలు లేపి లాగనివ్వకండి, బండి మొత్తాన్నీ పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ మీదే ఎక్కించాలి. అరిగిన టైర్లతో నీళ్ళలో స్పీడ్ వద్దు, ఆల్ వీల్ డ్రైవ్ బండిని కదిలించడానికి సాయం చేస్తుంది, బ్రేక్ వేశాక ఆపేది టైరే. మలుపులో కుదిపినా, వాసన వచ్చినా, డ్యాష్‌బోర్డ్ మీద వార్నింగ్ లైటు వెలిగినా ఆ రోజే చూపించండి. షాపులో ఒక్కటి చాలు సార్ అంటే ఒప్పుకోకండి.