పాత ఆంప్లిఫయర్‌కు వైఫై పాటలు: ఏ పెట్టె కొనాలి?

"అన్నా, ఫోన్‌లో పాటలు ఇంట్లో గట్టిగా వినాల, ఏ స్పీకర్ కొనమంటావు?" కడపలో ఆంప్లిఫయర్లు రిపేరు చేసుకునే నన్ను ఈమధ్య జనం ఎక్కువగా అడిగేది ఇదే. నేను ఎదురు అడిగేదీ ఒకటే: అటక మీద పాత డెక్కో, హోమ్ థియేటరో పడుందా? ఉంటే కొత్త స్పీకర్ జోలికి పోవద్దు. ఎనిమిదంగుళాల ఊఫర్ ఉన్న చెక్క బాక్సు ఇచ్చే బేస్ అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బాలో రాదు. మీకు కావాల్సింది పాటను వైఫైలో అందుకుని వైరు గుండా ఆంప్లిఫయర్‌కు ఇచ్చే చిన్న పెట్టె. దాన్నే స్ట్రీమర్ అంటారు.

ముందు ఆంప్లిఫయర్‌ను వెనక్కి తిప్పి ఫోన్ టార్చి వేసి చూడండి. ఎరుపు, తెలుపు సాకెట్ల జతలు ఉంటాయి. పక్కన ఆక్స్, సీడీ, ట్యూనర్ అని ఏది రాసి ఉన్నా పనికొస్తుంది. ఫోనో అని ఉన్న జతలో మాత్రం పెట్టొద్దు. అది గ్రామఫోన్ రికార్డు ముల్లు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్ కోసం పెట్టింది, లోపల దాన్ని చాలా రెట్లు పెంచుతుంది. స్ట్రీమర్ తగిలిస్తే పాట బద్దలైపోతుంది. మైక్ సాకెట్‌దీ అదే కథ. పసుపు సాకెట్ వీడియోకు, దాన్ని వదిలేయండి. సాకెట్లకు కిలుం పట్టి ఉంటే పిన్నును నాలుగైదుసార్లు తిప్పుతూ లోపలికీ బయటికీ లాగండి. ఒక పక్క బాక్సు పలకడం లేదని నా దగ్గరికి తెచ్చేవాటిలో చాలావాటికి ఇదే మందు.

ఇక పెట్టె సంగతి. వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ రిసీవర్ చాలదా అంటారు. ఒక్క గదిలో, ఫోన్ పక్కనే పెట్టుకుని వినేవాళ్లకు చాలు. కానీ పాట మొత్తం ఫోన్ గుండానే పోతుంది కాబట్టి కాల్ వస్తే పాట ఆగుతుంది, ఫోన్ పట్టుకుని పది మీటర్లు దాటితే తెగుతుంది, వాట్సాప్ టింగుమన్న శబ్దం కూడా ఊఫర్‌లో మోగుతుంది. వైఫై పెట్టెకు గూగుల్ కాస్ట్‌తోనో స్పాటిఫై కనెక్ట్‌తోనో పాట పంపితే ఫోన్ ఉత్త రిమోట్. పెట్టె తానే నేరుగా ఇంటర్నెట్ నుంచి పాట తెచ్చుకుంటుంది. మీరు ఫోన్ జేబులో వేసుకుని ఏడు రోడ్ల కాడికి పోయినా ఇంట్లో పాట నడుస్తూనే ఉంటుంది.

అట్టపెట్టె మీద పేర్లు చదవండి. ఐఫోన్ ఇంటికి ఎయిర్‌ప్లే 2 (ఐఫోన్ నుంచి వైఫైలో పాట పంపే దారి), ఆండ్రాయిడ్ ఇంటికి గూగుల్ కాస్ట్ ఉండాలి. మీరు రోజూ వాడే పాటల యాప్ తెరిచి కాస్ట్ గుర్తు ఉందేమో కూడా చూసుకోండి: చిన్న దీర్ఘచతురస్రం, దాని మూలన వంకర గీతలు. మా నాయనకు పాటలకంటే ఆకాశవాణి ముఖ్యం, న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో వింటాడు. ఇట్లాంటి వాళ్లు ఉన్న ఇంటికి వైఫైతో పాటు బ్లూటూత్ కూడా ఉన్న పెట్టె తీసుకోవాలి. యాప్‌లో కాస్ట్ ఉన్నా లేకున్నా బ్లూటూత్‌లో పనైపోతుంది.

స్మార్ట్ స్పీకర్‌నే వైరుతో ఆంప్లిఫయర్‌కు కలుపుదామనుకుంటే రంధ్రం చూసి కొనండి. అమెజాన్ ఎకో డాట్‌లో నాలుగో తరం దాకా ఆక్స్ రంధ్రం ఉండేది, 2022లో వచ్చిన ఐదో తరంలో తీసేశారు. గూగుల్ నెస్ట్ మినీకి అది లేనే లేదు.

సెకండ్‌హ్యాండ్‌లో గూగుల్ వాళ్ల పాత స్ట్రీమర్ క్రోమ్‌కాస్ట్ ఆడియో కనబడితే ఆలోచించి కొనండి. 2015లో వచ్చిన మంచి సరుకే, కానీ 2019లో అమ్మకం ఆపేశారు. 2025 మార్చిలో అది అసలైన పెట్టె అని రుజువు చేసే లోపలి డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరిపోయి ప్రపంచమంతటా ఒక్కసారిగా మూగబోయాయి. గూగుల్ అప్‌డేట్ ఇచ్చాకే మళ్లీ పలికాయి. అందుకే ఒకే కంపెనీ యాప్‌ను నమ్ముకున్న పెట్టెకంటే రెండు మూడు దారుల్లో పాట తీసుకునేది మేలంటాను.

మన దగ్గర అసలు పేచీ గోడలతో. పాత మిద్దె ఇళ్లలో రాతి గోడలు అడుగున్నరకు తక్కువ ఉండవు. చాలా రౌటర్లు 5, 2.4 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల వైఫై సిగ్నళ్లు ఇస్తాయి. రౌటర్ పడసాలలో, ఆంప్లిఫయర్ లోపలి గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఆ గోడ దాటేసరికి సొమ్మసిల్లుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ వేగం తక్కువైనా గోడలు దాటడంలో మెరుగు, పాటకు ఆ వేగం చాలు. డబ్బు పెట్టకముందే పరీక్ష చేసుకోండి. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, ఆంప్లిఫయర్ ఉండబోయే చోట నిలబడి, తలుపు మూసి, వైఫైలో ఒక వీడియో ఆడించండి. అక్కడ తిరుగుతూ ఆగుతుంటే ఎంత ఖరీదైన పెట్టె కొన్నా అంతే. ఇనుప బీరువా వెనక మాత్రం ఏదీ పెట్టొద్దు.

ఫోన్ హాట్‌స్పాట్ మీద వినేవాళ్లకు లెక్క: సెకనుకు 320 కిలోబిట్ల నాణ్యతలో గంటకు 144 ఎంబీ పోతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాకులో పది గంటల పాటలు. అయితే హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్ ఇంట్లోనే ఉండాలి.

బిగించాక గుయ్యిమని హమ్ వస్తే స్ట్రీమర్ అడాప్టర్‌నూ ఆంప్లిఫయర్ ప్లగ్గునూ ఒకే బోర్డులో పెట్టి చూడండి. అప్పటికీ పోకపోతే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని చిన్న ముక్క దొరుకుతుంది, వైరు మధ్యలో వేస్తే చాలు. స్ట్రీమర్‌ను టీవీ యూఎస్‌బీ రంధ్రానికి తగిలించకండి, చాలాసార్లు కరెంటు చాలదు. వాల్యూమ్ స్ట్రీమర్‌లో బాగా ఎక్కువ పెట్టి, ఆంప్లిఫయర్ దగ్గర తగ్గించుకోండి. దీన్ని తారుమారు చేస్తే సన్నటి స్‌స్ శబ్దం పాటతో పాటే వినిపిస్తుంది.

కరెంటు పోయి వచ్చాక రౌటర్ లేవడానికి కాస్త టైం పడుతుంది, పెట్టె దానికోసం కాచుకుంటుంది. టెన్షన్ పడి పీకి పెట్టాల్సిన పనిలేదు. కొన్న వారంలోనే ఒకసారి ఫ్యూజు తీసి వేసి, తనంతట తాను నెట్‌కు కలుస్తుందా లేదా చూసుకోండి. కలవకపోతే అట్టపెట్టె, బిల్లు జాగ్రత్తగా తీసి, రిటర్న్ గడువు దాటకముందే వెనక్కిచ్చేయండి.