పొడపత్రి ఆకుతో వెండి నానో కణాల తయారీ, అమైలేజ్ పరీక్ష

నీడన ఆరబెట్టిన పొడపత్రి ఆకుల పొడి 5 గ్రాములను 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో వేసి, 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర 20 నిమిషాలు ఉంచండి. చల్లారాక వాట్‌మన్ నంబర్ 1 ఫిల్టర్ పేపర్‌తో వడకట్టండి. ఈ కషాయాన్ని ఏ రోజుకారోజు చేసుకోవడమే మేలు. నిల్వ ఉంటే బూజు పడుతుంది.

100 మి.లీ. నీటిలో 17 మి.గ్రా. సిల్వర్ నైట్రేట్ కరిగిస్తే 1 మిల్లీమోలార్ ద్రావణం వస్తుంది. దీనికి కుళాయి నీళ్లు వాడకండి. వాటిలోని క్లోరైడ్ వెండితో కలిసి తెల్లటి మడ్డి కడుతుంది. సిల్వర్ నైట్రేట్ చేతికి తగిలితే నల్ల మచ్చలు పడతాయి కాబట్టి గ్లౌజులు తప్పనిసరి.

90 మి.లీ. ద్రావణాన్ని కలియబెడుతూ 10 మి.లీ. కషాయం చుక్కచుక్కగా పోసి, చీకట్లో ఉంచండి. లేత పసుపు క్రమంగా ముదురు గోధుమ రంగుకు తిరగాలి. రంగు మారినంత మాత్రాన నమ్మేయొద్దు: స్పెక్ట్రోఫోటోమీటర్‌లో (ద్రావణం ఏ తరంగదైర్ఘ్యపు కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే పరికరం) 400–450 నానోమీటర్ల మధ్య శిఖరం కనిపించాలి. అది వెడల్పుగా సాగి కుడివైపు, అంటే ఎక్కువ తరంగదైర్ఘ్యం వైపు, జరిగితే కణాలు గుమిగూడుతున్నట్టే. సెంట్రిఫ్యూజ్‌లో 12,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వద్ద 20 నిమిషాలు తిప్పి, అడుగున చేరినదాన్ని మూడుసార్లు కడగండి.

ఆల్ఫా అమైలేజ్ అంటే పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొట్టే ఎంజైమ్. ఈ కణాలు దాన్ని ఎంత అడ్డుకుంటాయో (నిరోధం) డీఎన్‌ఎస్ పద్ధతిలో (చక్కెరలతో కలిసి రంగు మారే రసాయనంతో), 540 నానోమీటర్ల దగ్గర, అదే ఎంజైమ్‌ను అడ్డుకునే మధుమేహం మందు అకార్బోజ్‌తో పోల్చి కొలుస్తారు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కణాలకు సొంత రంగుంది, కషాయంలో చక్కెరలున్నాయి. రెండూ రీడింగ్‌ను పెంచేస్తాయి. ప్రతి మోతాదుకూ ఎంజైమ్ లేని బ్లాంక్ (ఎంజైమ్ తప్ప మిగతావన్నీ ఉన్న పోలిక నమూనా) పెట్టి, ఆ విలువ తీసేయండి. కషాయాన్ని ఒక్కదాన్నే కూడా పరీక్షించకపోతే ఫలితం ఆకుదో వెండిదో తేలదు.

ఇది పరీక్షనాళికలో ఫలితం మాత్రమే, మందు కాదు. దీన్ని ఎవరూ తాగకూడదు.