మనస్తత్వ శాస్త్రంలో వాదాలు – 4వ పాఠం: ముందు ఆ 136 సెంటీమీటర్ల సంగతి

పోయిన పాఠం చివర ఒక్కటే ప్రశ్న ఇచ్చాను: ఎత్తు హెరిటబిలిటీ (వంశపారంపర్యతను కొలిచే అంకె) 80 శాతం అంటే అర్థం ఏమిటి? మీలో చాలామంది ఒకే లెక్క వేసి పంపారు. 170 సెంటీమీటర్ల మనిషిలో 136 సెంటీమీటర్లు తల్లిదండ్రుల నుంచి వచ్చాయి, మిగతా 34 తిండి వల్ల పెరిగాయి అని. ఆ మాటను నేను రెండు వాక్యాల్లో దాటేశాను, అందుకే ఇలా జరిగింది. ఇవాళ చెప్పాల్సిన వాదం వేరే ఉంది కానీ, ఈ ముడి విప్పకుండా దాని జోలికి వెళ్లలేం.

పాత సంగతి ఒక్క మాటలో: జన్యువులు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే సూచనలు. ఒకే పోలిక కవలల్లో అవి దాదాపు ఒకటే, మామూలు కవలల్లో సగం వరకే, అందుకే వాళ్లను పోలుస్తారు.

హెరిటబిలిటీ గుంపుకు చెందిన అంకె. ఒక గుంపులో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాల్లో ఎంత భాగం వాళ్ల జన్యువుల తేడాలతో ముడిపడి ఉందో అది చెబుతుంది. ఒక్క మనిషిని నిలబెట్టి ఆ అంకెతో కోయలేం. గుంపు మారినా, కాలం మారినా అంకె మారిపోవచ్చు.

అమెరికన్ జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ 1970లో దీనికి విత్తనాల ఉదాహరణ ఇచ్చాడు. దాన్ని మన వరి మడిలో పెట్టి చూద్దాం. రకరకాల విత్తనాలు కలిసిపోయిన సంచి ఒకటి ఉంది. ఒక గుప్పెడు మంచి నేలలో, ఇంకో గుప్పెడు చౌడు నేలలో చల్లారు. ఏ మడికి ఆ మడిలో నేల అంతా ఒకేలా ఉంది. కాబట్టి మడి లోపల మొక్కల ఎత్తుల్లో తేడా అంతా విత్తనానిదే. రెండు మడుల్లోనూ హెరిటబిలిటీ 100 శాతం. మరి ఈ మడికీ ఆ మడికీ మధ్య తేడా? అదంతా నేలదే! రెండు చోట్లా 100 శాతం ఉన్నా, చౌడు మడిలో వరి ఎందుకు గిడసబారిందో ఆ అంకె చెప్పదు. ఒక జాతికో కులానికో తెలివి తక్కువ, అది రక్తంలోనే ఉంది అనేవాళ్లు జారిపడేది సరిగ్గా ఇక్కడే. నాకు కోపం వచ్చేదీ ఇక్కడే.

వేళ్లు చూడండి. చేతికి ఐదు వేళ్లు మొలవడం జన్యువుల పనే. అయినా వేళ్ల సంఖ్యలో హెరిటబిలిటీ తక్కువ. వేళ్లు తక్కువున్న పెద్దవాళ్లలో ఎక్కువమంది వాటిని ఏ మిషన్లోనో పోగొట్టుకున్నవాళ్లే కదా.

జన్యువుల వల్ల వచ్చింది మారదు అనుకోవడం ఇంకో పొరపాటు. ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బును 1934లో నార్వే డాక్టర్ ఫోలింగ్ గుర్తించాడు. ఒక జన్యువు లోపం వల్ల పిల్లల మెదడు దెబ్బతింటుంది. కానీ పుట్టగానే రక్తపరీక్షలో పట్టుకుని, వాళ్ల ఒళ్లు అరిగించుకోలేని ఫినైలాలనిన్ (మాంసకృత్తుల్లో ఉండే పదార్థం) తక్కువగా ఉండే తిండి పెడితే ఆ నష్టాన్ని చాలావరకు ఆపొచ్చు. కారణం జన్యువు, వైద్యం అన్నం పళ్లెంలో.

2003లో ఎరిక్ టర్క్‌హైమర్ బృందం అమెరికాలో ఏడేళ్ల కవలల ఐక్యూ లెక్కలు చూసింది. బాగా పేద ఇళ్లలో హెరిటబిలిటీ దాదాపు సున్నా, ఉన్నవాళ్ల ఇళ్లలో చాలా ఎక్కువ. తర్వాత పశ్చిమ యూరప్‌లో చూస్తే ఈ తేడా అలా కనిపించలేదు. దేశం మారితే కథే మారింది. అందుకే "ఎంత శాతం?" అనేముందు "ఎవరిలో?" అని అడగండి. నేనైతే ఏ పేపర్ చదివినా ఆ మాట పెన్సిల్‌తో పక్కన రాసుకుంటాను.

ఇక ఇవాళ్టి వాదం. వేలమందిని కొలిచి సాధారణ సూత్రం తీయాలా, ఒక్క మనిషిని లోతుగా చూడాలా? 1894లో జర్మన్ తత్వవేత్త విండెల్‌బాండ్ మొదటిదాన్ని నోమోథెటిక్ అని, రెండోదాన్ని ఇడియోగ్రాఫిక్ అని పిలిచాడు. హెరిటబిలిటీ మొదటి దారిలోది. 136 సెంటీమీటర్ల తప్పు ఎక్కడ పుట్టిందో ఇప్పుడు తెలిసిందిగా: మొదటి దారిలో దొరికిన జవాబును రెండో దారి ప్రశ్నకు అతికించారు.

రెండో దారికి నాకు ఇష్టమైన ఉదాహరణ హెన్రీ మొలైసన్. 1953లో మూర్ఛ తగ్గడానికి మెదడు ఆపరేషన్ చేస్తే, ఆయనకు కొత్త జ్ఞాపకాలు నిలవడం పోయింది. మనస్తత్వవేత్త బ్రెండా మిల్నర్ ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించింది. గీసిన సంగతి ఆయనకు గుర్తుండేది కాదు, చెయ్యి మాత్రం రోజురోజుకీ కుదురుకుంది. జ్ఞాపకం ఒకే రకం కాదని ఒక్క మనిషి వల్ల తెలిసింది. ఏ సగటు లెక్కలోనూ ఆయన కనిపించేవాడు కాదు.

అభ్యాసం: ఒక లక్షణం తీసుకోండి, మీ ఇష్టం. దాని హెరిటబిలిటీ సున్నాకు దగ్గరగా ఉండే ఊరు ఒకటి, 100కు దగ్గరగా ఉండే ఊరు ఒకటి ఊహించి, చెరో పేజీ రాయండి. జనం, తిండి, బడులు, పనులు అన్నీ ఉండాలి. ఆ లక్షణానికి సంబంధించి మనిషికీ మనిషికీ మధ్య ఉండే జన్యువుల తేడాలు రెండు ఊళ్లలోనూ ఒకేలా ఉండాలి. "రక్తంలో ఉంది" అన్న మాట ఎక్కడా రాకూడదు. రెండు వారాల గడువు.