బహూకరణ కత్తి: తొలి యజమాని ఎవరు?

బ్రిటిష్ అధికారికి బహూకరించిన పాత కత్తి దొరికితే ముందు పాలిష్ చేయకండి. అలుగు (కత్తి లోహపు పలక) మీది చెక్కడం చాలా పలచన. రుద్దితే పేరే పోతుంది. గది చీకటి చేసి, టార్చి వెలుగును పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫొటోలు తీయండి. ఒర మీది లోహపు పట్టీలనూ వదలొద్దు, అంకితవాక్యం తరచూ అక్కడే ఉంటుంది.

ఇంగ్లండు కత్తుల తయారీ కంపెనీ విల్కిన్సన్ చేసిన కత్తి అయితే పిడికి దగ్గర, అలుగు వెన్ను మీద నంబరు వెతకండి. కంపెనీ రిజిస్టర్లలో దాన్నిబట్టి తయారైన ఏడాది, కొన్నిసార్లు కొన్నవారి పేరు కూడా తెలుస్తుంది. నంబరు లేకపోతే రాజముద్ర చూడండి: వి.ఆర్. అంటే విక్టోరియా రాణి కాలానిది, 1837–1901 మధ్యది.

పేరు, హోదా, రెజిమెంటు మూడూ కలిపి బ్రిటిష్ సైనికాధికారుల పాత జాబితా అయిన హార్ట్స్ ఆర్మీ లిస్ట్‌లోనూ, పదోన్నతుల తేదీల కోసం అక్కడి ప్రభుత్వ పత్రిక లండన్ గెజెట్‌లోనూ చూడండి. ఈస్టిండియా కంపెనీ అధికారులైతే బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డులే దిక్కు.

ఎక్కువమంది బోల్తా పడేది ఒకే ఇంటిపేరున్న ఇద్దరి దగ్గర. బహూకరణ తేదీనాటికి ఆ ఇద్దరిలో ఎవరికి కత్తి మీది హోదా ఉందో సరిచూస్తే సగం చిక్కు వీడుతుంది. అలుగంతా అరిగి, పేరు ఒక్కటే పదునుగా కనిపిస్తే మాత్రం, దాన్ని తర్వాత చెక్కారేమోనని అనుమానించాల్సిందే.