లైట్ వేసినా జెల్ గట్టిపడటం లేదా? ఫొటోఇనిషియేటర్ సమస్యలు - పరిష్కారాలు

జెల్ గట్టిపడకపోతే ల్యాబ్‌లో మొదట వినిపించే మాట, "ఇనిషియేటర్ ఇంకాస్త కలుపు." చాలాసార్లు సమస్య ముదిరేది అక్కడే. ఫొటోఇనిషియేటర్ పని కాంతిని పీల్చుకుని, విరిగి, ఫ్రీ రాడికల్స్ ఇవ్వడం. అవి మోనోమర్‌లోని (జెల్ గొలుసుగా అల్లుకునే చిన్న అణువులు) డబుల్ బాండ్లతో కలిసి గొలుసును పెంచుతాయి. కాబట్టి ఏ లక్షణం కనిపించినా ముందు మూడు విషయాలు చూడాలి. కాంతి ఇనిషియేటర్ దాకా చేరిందా? చేరిన కాంతిని అది పీల్చుకుందా? పుట్టిన రాడికల్స్‌ను మధ్యలో ఇంకేదైనా మింగేసిందా? హైడ్రోజెల్ (నీటిని పట్టి ఉంచే జెల్) పనిలో ఎక్కువగా కనిపించే ఇర్గాక్యూర్ 2959, ల్యాప్ (LAP) అనే రెండు ఇనిషియేటర్లనే ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ఎంతసేపు లైట్ వేసినా ద్రవంగానే ఉంది

ముందు లైట్ తరంగదైర్ఘ్యం చూడండి. ఇర్గాక్యూర్ 2959 బాగా పీల్చుకునేది 276 నానోమీటర్ల దగ్గర. 365 దగ్గరికి వచ్చేసరికి దాని మోలార్ శోషణ గుణకం (కాంతిని ఎంత బలంగా పీల్చుకుంటుందో చెప్పే అంకె) సుమారు 4కు పడిపోతుంది. అదే 365 దగ్గర ల్యాప్‌కు ఆ విలువ సుమారు 218. ల్యాప్ శోషణ 405 నానోమీటర్ల దగ్గర కూడా కొంత మిగిలి ఉంటుంది, 2959కి దాదాపు ఏమీ ఉండదు. అంటే 405 ఎల్‌ఈడీ కింద 2959 పెట్టి గంటసేపు కూర్చున్నా లాభం లేదు, గాఢత రెట్టింపు చేసినా లాభం లేదు. ఇనిషియేటర్‌నైనా మార్చాలి, లైట్‌నైనా మార్చాలి.

పాత మెర్క్యురీ ల్యాంప్ పద్ధతిని ఎల్‌ఈడీకి మార్చినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ఫిల్టర్ లేని మెర్క్యురీ ల్యాంప్‌లో 365తో పాటు 313 లాంటి పొట్టి తరంగాలు కూడా ఉంటాయి. 2959కి నిజంగా పనికొచ్చింది అవే కావచ్చు. "365 ల్యాంప్, అయిదు నిమిషాలు" అని రాసి ఉన్నంత మాత్రాన 365 ఎల్‌ఈడీతో అదే ఫలితం రాదు.

తరంగదైర్ఘ్యం సరిపోయిందంటే, తర్వాత చూడాల్సింది తీవ్రత. చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీవాట్ల కాంతి 60 సెకన్లు పడితే మోతాదు 600 మిల్లీజౌల్స్. ఈ లెక్క రాసుకునే ముందు, మీటర్‌ను నమూనా ఉండే ఎత్తులోనే, మధ్యలో ఏ మూత ఉంటుందో ఆ మూత కిందే పెట్టి కొలవండి. ప్లాస్టిక్ ప్లేటు మూత యూవీని ఎంత ఆపేస్తోందో చూస్తే చాలామందికి ఆశ్చర్యం వేస్తుంది. మీటర్ సెన్సార్ మీ తరంగదైర్ఘ్యానికి తగినదేనా అన్నది కూడా చూసుకోండి. మెర్క్యురీ ల్యాంప్ అయితే వేడెక్కి స్థిరపడటానికి కొన్ని నిమిషాలు ఇవ్వాలి.

రెండూ బాగున్నాయా? అయితే మోనోమర్‌ను అనుమానించండి. బాటిల్‌లోని అక్రిలేట్ మోనోమర్లలో నిల్వ కోసం ఎంఈహెచ్‌క్యూ లాంటి ఇన్‌హిబిటర్ (దానంతట అదే గట్టిపడకుండా ఆపే పదార్థం) కలిపి ఉంటారు. ఎక్కువగా ఉంటే అల్యూమినా కాలమ్ గుండా పంపి తీసేయవచ్చు. తీసేసిన మోనోమర్‌ను మాత్రం నిల్వ పెట్టకండి, ఆ రోజే వాడేయండి.

పైన గట్టిగా ఉంది, అడుగున ద్రవం

ఇనిషియేటర్ ఎక్కువ వేస్తే పని చెడేది ఇక్కడే. లెక్క వేసి చూద్దాం. ల్యాప్ అణుభారం 294. ద్రావణంలో 0.1 శాతం అంటే సుమారు 3.4 మిల్లీమోలార్. 365 దగ్గర ఒక సెంటీమీటరు లోతుకు శోషణ (ఒకటి పెరిగితే చేరే కాంతి పదో వంతుకు తగ్గే కొలత) 0.74 వస్తుంది, అంటే అడుగుకు ఇంకా 18 శాతం కాంతి చేరుతోంది. అదే 0.5 శాతం వేస్తే శోషణ 3.7. అడుగుకు చేరేది 0.02 శాతం! ఈ గాఢతలో రెండు మిల్లీమీటర్లు దిగేసరికే కాంతి 18 శాతానికి పడిపోయింది. పై పొర గట్టిపడి, కింద ద్రవం అలాగే ఉండిపోతుంది.

కాబట్టి మందమైన నమూనాకు గాఢత తగ్గించి, సమయం పెంచండి. లేదా ల్యాప్‌తో 405కి మారండి. అక్కడ అది తక్కువ పీల్చుకుంటుంది కాబట్టి కాంతి లోతుకు దిగుతుంది. రెండు వైపుల నుంచీ లైట్ వేయడం కూడా మంచి ఉపాయమే. ద్రావణం మబ్బుగా ఉన్నా, రంగు ఉన్నా కాంతి దారిలోనే పోతుందని గుర్తుంచుకోండి.

2959 సంగతి దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. 0.5 శాతం వేసినా 365 దగ్గర ఒక సెంటీమీటరులో అది పీల్చుకునేది 18 శాతం చిల్లరే. లోతుకు కాంతి బాగానే వెళుతుంది, పని మాత్రం నెమ్మదిగా సాగుతుంది.

లోపల గట్టిగా ఉంది, పైపొర జిగటగా ఉంది

ఇది ఆక్సిజన్ పని. రాడికల్స్ మోనోమర్‌ను అందుకునే లోపే ఆక్సిజన్ వాటిని పట్టుకుని పెరాక్సిల్ రాడికల్స్‌గా మార్చేస్తుంది. అవి గొలుసును పెంచలేవు. 25 డిగ్రీల దగ్గర గాలి తగిలే నీటిలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటుంది. లోపల ఉన్నది కాసేపటికి ఖర్చయిపోతుంది, పైన మాత్రం గాలి నుంచి మళ్లీ మళ్లీ వచ్చి చేరుతుంది. అందుకే జిగట పైపొరకే పరిమితం.

సిలికోన్ అచ్చు, అంటే పీడీఎంఎస్, వాడేవాళ్లకు అచ్చును తాకే వైపు కూడా జిగటగా కనిపిస్తుంది. పీడీఎంఎస్ గుండా ఆక్సిజన్ తేలిగ్గా వస్తుంది. అచ్చు సరిగ్గా కడగలేదేమోనని పదే పదే కడగడం వృథా శ్రమ.

పైన గాజు స్లైడ్ మూస్తే చాలావరకు సరిపోతుంది. లేదంటే నైట్రోజన్ నింపిన పెట్టెలో లైట్ వేయండి. ద్రావణంలోకి నేరుగా నైట్రోజన్ బుడగలు వదిలితే గెల్‌మా (కాంతికి గట్టిపడేలా మార్చిన జెలటిన్) లాంటి ప్రొటీన్ ద్రావణాలు నురగ కడతాయి, ఆ నురగ జెల్‌లో రంధ్రాలుగా మిగులుతుంది. తక్కువ తీవ్రతతో ఎక్కువసేపు వేయడం కంటే, ఎక్కువ తీవ్రతతో తక్కువసేపు వేస్తే ఆక్సిజన్ తిరిగి చేరేందుకు సమయం దొరకదు. మోతాదు ఒకటే అయినా ఫలితం వేరుగా రావడానికి ఇదొక కారణం. థయోల్-ఈన్ రసాయనానికి (థయోల్ గుంపులు డబుల్ బాండ్లతో కలిసే పద్ధతి) మారగలిగితే ఈ బెడద బాగా తగ్గుతుంది.

పొడి కరగడం లేదు

2959 నీటిలో తక్కువగా, నెమ్మదిగా కరుగుతుంది. 60-70 డిగ్రీల దగ్గర కలుపుతూ పూర్తిగా కరిగించి, చల్లారాక అడుగున పొడి లేదని చూసుకున్నాకే వాడండి. ల్యాప్‌కు ఈ ఇబ్బంది ఉండదు. టీపీఓ లాంటి ఇనిషియేటర్లు నీటి పనికి కావు, రెజిన్లకే.

జెల్ బాగుంది, కణాలు చనిపోతున్నాయి

జెల్‌లో జీవకణాలను కలిపి పని చేసేవాళ్లు ఇక్కడ ఊహించడం మానేసి కణాలున్న నాలుగు ప్లేట్లు పెట్టండి. ఒకదానిలో కణాలు మాత్రమే, ఒకదానిలో ఇనిషియేటర్ మాత్రం, ఒకదానికి లైట్ మాత్రం, ఒకదానిలో రెండూ. రెండూ కలిసిన చోటే చనిపోతుంటే తప్పు రాడికల్స్‌ది. అప్పుడు గాఢత తగ్గించాలి, లైట్ సమయం తగ్గించాలి. లైట్ మాత్రమే వేసిన ప్లేటులో చనిపోతుంటే 405కి మారాలి. కణాల పనికి ఇనిషియేటర్ 0.05 శాతం నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లడమే మంచిది. మీడియంలో (కణాలను పెంచే ద్రవం) విటమిన్ సి లాంటి రాడికల్స్‌ను మింగే పదార్థాలు ఉంటే జెల్ ఆలస్యమవుతుంది. ఆ తేడాను ఇనిషియేటర్ పెంచి పూడ్చకుండా, జెల్ కట్టేంతవరకు సాదా బఫర్ వాడండి.

లైట్ వేయకముందే ట్యూబ్‌లో గడ్డకట్టింది

గెల్‌మా అయితే ముందు 37 డిగ్రీలకు వేడి చేయండి. కరిగితే అది చల్లదనానికి కట్టిన జెలటిన్ జెల్, పాలిమర్ కాదు. కరగకపోతే ఎక్కడో కాంతి తగిలింది. ల్యాప్ కలిపిన ద్రావణానికి కిటికీ వెలుతురు కూడా ప్రమాదమే. ట్యూబ్‌లకు అల్యూమినియం ఫాయిల్ చుట్టండి, బల్ల మీద పసుపు ఫిల్టర్ ఉన్న లైట్ కింద పని చేయండి, ఇనిషియేటర్‌ను చివర్లో కలపండి. ఆ ట్యూబ్‌లను చేత్తో పట్టుకునేటప్పుడు నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. గట్టిపడని అక్రిలేట్ చర్మానికి పదే పదే తగిలితే అలర్జీ వస్తుంది, ఒకసారి వచ్చాక మళ్లీ కొంచెం తగిలినా దురద, దద్దుర్లు తిరగబెడతాయి.